హిట్టును నమ్ముకోని స్టూడియో

ఫోన్‌లో రికార్డర్ ఉంది. కొన్ని వేలు పెడితే యూఎస్‌బీ మైకు వస్తుంది. ఎడిటింగ్‌కి ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. పాటలో, పాడ్‌కాస్టులో, ఆడియో పుస్తకాలో.. ఏదో ఒకటి రికార్డు చేసుకుంటూ బతకొచ్చా అని మీలో చాలామంది ఆలోచిస్తూనే ఉంటారు. ప్లేస్‌మెంట్స్ సీజన్లో బయటికి చెప్పరంతే. చెబితే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న తెలిసిందేగా.. అందులో డబ్బెక్కడుంది?

జవాబు వెతుక్కునే ముందు ఒక మనిషి గురించి తెలుసుకోండి. పేరు మోజెస్ ఆష్. న్యూయార్క్‌లో ఓ చిన్న స్టూడియో, పక్కన ఒక సహాయకురాలు, చేతిలో ఎప్పుడూ అంతంతమాత్రం డబ్బు. వాటితోనే 1948 నుంచి 1986 దాకా ఫోక్‌వేస్ పేరు మీద 2,168 ఆల్బమ్‌లు తెచ్చాడు. లెక్కేసి చూడండి, వారానికి ఒకటి కంటే ఎక్కువే! అమ్ముడుపోవడం లేదని వాటిలో ఒక్కదాన్నీ జాబితాలోంచి తీసేయలేదు. అంతకుముందు ఒకసారి పూర్తిగా దివాలా తీశాడు. మనకు పనికొచ్చే పాఠమంతా ఆ దివాలాకీ ఈ 2,168కీ మధ్యే ఉంది.

రచయిత కొడుకు.. రేడియో పిచ్చి

ఆష్ 1905 డిసెంబరు 2న పోలెండ్‌లోని వార్సాలో పుట్టాడు. తండ్రి షోలెమ్ ఆష్ యిడ్డిష్ భాషలో పేరుమోసిన నవలాకారుడు, నాటక రచయిత. ఇంటినిండా పుస్తకాలు, వచ్చిపోయే రచయితలు. కుటుంబం ముందు ఫ్రాన్స్‌కి, తర్వాత అమెరికాకి వలస వెళ్లింది. కుర్రాడికి మాత్రం అక్షరాల కన్నా తీగలూ వాల్వులే నచ్చాయి. రేడియో అప్పుడప్పుడే పుడుతున్న రోజులవి. ఇప్పుడు మీకు ఏఐ ఎలాగో, అప్పటి కుర్రాళ్లకు రేడియో అలాగ.

1920ల్లో ఎలక్ట్రానిక్స్ చదవడానికి జర్మనీ వెళ్లాడు. అక్కడ రకరకాల దేశాల కుర్రాళ్లు చేరి ఎవరి ఊరి పాటలు వాళ్లు పాడుకునేవాళ్లు. అమెరికాకి సొంత జానపదం అంటూ ఏముందని ఆటపట్టించేవాళ్లు. ఆ మధ్యలోనే పారిస్‌లో నది ఒడ్డున ఉండే పాత పుస్తకాల దుకాణాల్లో జాన్ లోమాక్స్ సేకరించిన కౌబాయ్ పాటల పుస్తకం ఆయన కంటపడింది. తన దేశానికీ పాటలున్నాయని అప్పుడే తెలిసిందని తర్వాతి కాలంలో ఆయనే చెప్పుకునేవాడు. ఒకవైపు సర్క్యూట్లు, ఇంకోవైపు పాటలు. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో అప్పటికి ఆయనకీ తెలియదు.

రిపేరు పని నుంచి రికార్డింగ్‌కి

అమెరికా తిరిగొచ్చాక కొన్నాళ్లు ఉద్యోగాలు చేశాడు. 1930ల్లో రేడియో లాబొరేటరీస్ పేరుతో సొంత షాపు పెట్టుకున్నాడు. రేడియోలు బాగుచేయడం, కార్మిక సంఘాల సభలకు, నాటకశాలలకు మైకులూ స్పీకర్లూ అమర్చడం.. ఇదీ పని. గొప్పగా చెప్పుకునే ఉద్యోగం కాదు. కానీ గొంతు మైకులోంచి స్పీకరు దాకా ఎలా వెళుతుందో, దారిలో ఎక్కడ పాడవుతుందో ఆయనకు చేతివేళ్లతో తెలిసింది అక్కడే.

న్యూయార్క్‌లో డబ్ల్యూఈవీడీ అనే రేడియో స్టేషన్ ఉండేది. యిడ్డిష్ దినపత్రిక ఫార్వర్డ్ దాన్ని నడిపేది. ఆష్ వాళ్లకు సాంకేతిక పనులు చేసిపెట్టేవాడు. ప్రసారం చేయడానికి స్టేషన్‌కి యిడ్డిష్ పాటలు కావాలి. పెద్ద కంపెనీలేమో ఆ మార్కెట్‌ని దాదాపు వదిలేశాయి. పరికరాలు ఆష్ దగ్గరున్నాయి, పాడేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఇంకేం కావాలి? 1940 ప్రాంతంలో ఆష్ రికార్డ్స్ అలా మొదలైంది. ఇక్కడ ఒకటి గమనించండి. ఆయన మార్కెట్ రీసెర్చ్ చేయలేదు. ఉన్న ఒక కస్టమరు అడిగింది తయారుచేసి ఇచ్చాడు.

అదే కాలంలో తండ్రితో కలిసి ప్రిన్స్‌టన్ వెళ్లి ఐన్‌స్టీన్ ప్రసంగాన్ని రికార్డు చేశాడు. ఏం చేస్తుంటావని ఐన్‌స్టీన్ అడిగాడట. ప్రపంచంలోని శబ్దాలన్నింటినీ భద్రపరచాలనే తన ఆలోచన చెబితే, తప్పకుండా చెయ్యమని ప్రోత్సహించాడట. ఇది ఆష్ జీవితమంతా చెప్పుకున్న కథ.

ఒక్క మైకు, ఒక్క డిస్కు

అప్పట్లో స్టూడియోల్లోకి టేపు ఇంకా రాలేదు. లక్కర్ పూత పూసిన డిస్కు తిరుగుతుంటే సూది నేరుగా దానిమీద గాడి చెక్కుతుంది. పది అంగుళాల డిస్కు మీద పట్టేది దాదాపు మూడు నిమిషాలు. మధ్యలో దగ్గు వచ్చినా, తీగ తెగినా ఆ డిస్కు పోయినట్టే. కట్ లేదు, పేస్ట్ లేదు, అన్‌డూ అసలే లేదు.

ఆష్ పద్ధతి చాలా సింపుల్. వీలైతే ఒకే మైకు. దాన్ని సరైన చోట పెట్టడం, తర్వాత వీలైనంత తక్కువగా వేలుపెట్టడం. గొంతుకి మెరుగులు దిద్దడం ఆయనకు ఇష్టం ఉండదు. ఉన్నది ఉన్నట్టు వినపడాలి. ఇవాళ వంద ప్లగిన్లు పెట్టుకుని కూర్చునే మనకు ఇది వింతగా ఉంటుంది. కానీ మైకు పెట్టిన చోటే తప్పైతే ఏ ప్లగిన్ కూడా పూర్తిగా సరిచేయలేదని ఒక్కసారి రికార్డింగ్ చేసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

ఆ చిన్న గదికి ఎవరెవరు వచ్చారో చూడండి. హత్య కేసులో జైలుకెళ్లొచ్చిన నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ వచ్చాడు. 1941లో ఆయన చేత పిల్లల పాటలు పాడించి ఆల్బమ్ వేశాడు ఆష్. హంతకుడితో పిల్లల పాటలా అని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆష్ వెనక్కి తగ్గలేదు. 1944లో వూడీ గథ్రీ వచ్చాడు. గిటారు పట్టుకుని, స్నేహితుడు సిస్కో హ్యూస్టన్‌ని వెంటబెట్టుకుని కొద్ది వారాల్లోనే వందకు పైగా పాటలు పాడేశాడు. ఇప్పుడు అమెరికా బడుల్లో పిల్లలంతా పాడుకునే దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్ తొలి రికార్డింగ్ ఆ ఏడాది ఆష్ దగ్గర జరిగిందే. పాడిన రోజు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మన లక్క.. వాళ్ల చిక్కు

ఇక్కడ మనకు దగ్గరి సంబంధం ఒకటుంది. అప్పటి రికార్డులు షెల్లాక్‌తో చేసేవాళ్లు. షెల్లాక్ అంటే మన లక్కే! లాడ్ బజార్ గాజులకీ, ఏటికొప్పాక బొమ్మలకీ వాడే లక్క. అది ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఓడల రాకపోకలు దెబ్బతినడంతో 1942లో అమెరికా ప్రభుత్వం షెల్లాక్ మీద ఆంక్షలు పెట్టింది. పాత కంపెనీలకు వాటి వాడకాన్ని బట్టి కోటా దక్కింది. ఆష్‌లాంటి కొత్తవాడికి సరుకు లేదు. దాంతో షెల్లాక్ కోటా ఉన్న స్టిన్సన్ అనే సంస్థతో చేతులు కలపాల్సి వచ్చింది. ఆ పొత్తు ఎక్కువ కాలం నిలవలేదు. ముడిసరుకు ఇంకొకరి చేతిలో ఉంటే వ్యాపారం మన చేతిలో ఉండదని ఆయనకు అలా తెలిసొచ్చింది. ఇవాళ ఒకే యాప్ మీద, ఒకే ప్లాట్‌ఫామ్ అల్గారిథమ్ మీద ఆధారపడ్డ క్రియేటర్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఒక్క పండగ ముంచేసింది

యుద్ధం అయ్యాక డిస్క్ రికార్డ్స్ పేరుతో కొత్త కంపెనీ పెట్టాడు. అప్పటికే నార్మన్ గ్రాంజ్ నిర్వహించిన జాజ్ కచేరీల రికార్డులు ఆయనకు బాగా అమ్ముడుపోయాయి. హిట్టు రుచి తెలిసింది. ఇంకా పెద్ద హిట్టు కావాలనిపించింది. పెద్ద పేర్లు, పెద్ద అడ్వాన్సులు, అప్పులు.

ఆ రంగంలో అందరూ చెప్పుకునే సంగతి ఇది. అప్పటి స్టార్ నాట్ కింగ్ కోల్‌తో క్రిస్మస్ ఆల్బమ్ ప్లాన్ చేసి భారీగా పెట్టుబడి పెట్టాడు. తీరా సరుకు బయల్దేరే వేళకు మంచు తుపాను. రికార్డులు షాపులకు చేరేసరికి పండగ వెళ్లిపోయింది. పండగ పోయాక పండగ పాటలు ఎవరు కొంటారు? సంక్రాంతి సినిమా శివరాత్రికి విడుదలైనట్టన్నమాట. ఒక్క తుపానే కంపెనీని ముంచిందని కాదు. అప్పటికే అప్పులు నెత్తికెక్కి ఉన్నాయి, ఒక్క దెబ్బ తట్టుకునే సందు మిగల్లేదు. 1948 నాటికి డిస్క్ రికార్డ్స్ దివాలా తీసింది. ఆష్ వయసు అప్పటికి 42.

పేరు ఆమెది, పని ఇద్దరిది

దివాలా తీసినవాడి పేరు మీద వెంటనే ఇంకో కంపెనీ నడవదు. అందుకని 1948లో ఫోక్‌వేస్ మొదలైనప్పుడు కాగితాల మీద అధ్యక్షురాలు మేరియన్ డిస్ట్లర్. ఆష్ దగ్గర అంతకుముందు నుంచీ సహాయకురాలిగా ఉన్నావిడ. ఆష్ అక్కడ సలహాదారు మాత్రమే! ఉత్తరాలు, లెక్కలు, ఆర్డర్లు, కళాకారులతో మాటలు.. రోజువారీ భారమంతా ఆమె మీదే. 1964లో చనిపోయేదాకా ఫోక్‌వేస్‌ని నిలబెట్టిన రెండో చెయ్యి ఆమెది. స్టార్టప్ కథల్లో ఫౌండర్ ఫొటోనే వేస్తారు. పక్కన ఇన్వాయిస్‌లు పంపే మనిషి లేకపోతే ఆ ఫొటో కూడా ఉండదు.

ఈసారి ఆష్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. హిట్ల వెంట పడడం లేదు. లక్ష మందికి ఒక్క రికార్డు అమ్మే బదులు, ఒక్కోటి కొన్ని వందల మందికే అమ్ముడుపోయే రికార్డులు వందలకొద్దీ తేవాలి. అవి ఎప్పటికీ దొరుకుతుండాలి. నిఘంటువులో తక్కువ వాడే అక్షరాన్ని తీసేయం కదా, తక్కువ అమ్ముడుపోయే రికార్డును మాత్రం ఎందుకు తీసేయాలన్నది ఆయన వాదన.

అసలు లెక్క ఇదీ

ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు బాగా నచ్చే భాగం ఇదే. ఆదర్శం చెప్పడం తేలిక, దాన్ని లెక్కలో ఇరికించడమే కష్టం. ఆష్ ఎలా ఇరికించాడో చూడండి.

ముద్రణ చిన్నది. మొదట కొన్ని వందల కాపీలే వేయించేవాడు. అయిపోయాక ఆర్డర్లు వస్తే మళ్లీ కొన్ని. గోడౌన్లో డబ్బు చిక్కుకుపోయేది కాదు.

అట్ట ఒక్కటే. ఆల్బమ్‌లన్నింటికీ ఒకేలాంటి నల్లటి అట్ట కవరు. దాని మీద ఆ ఆల్బమ్‌కి సంబంధించిన కాగితం ఒకటి చుట్టి అతికించేవాళ్లు. రంగుల ముద్రణ ఖర్చు మిగిలింది. పైగా అదే ఫోక్‌వేస్ ముద్ర అయిపోయింది. డిజైనర్ రోనాల్డ్ క్లైన్ వేసిన ఆ కవర్లను ఇప్పుడు డిజైన్ విద్యార్థులు కూడా చూస్తారు.

లోపల చిన్న పుస్తకం. పాడిందెవరు, ఎక్కడ రికార్డు చేశారు, పాట మాటలేంటి, నేపథ్యం ఏంటి.. అన్నీ రాసి పెట్టేవాళ్లు. దాంతో రికార్డు కాస్తా పాఠ్యపుస్తకం అయింది.

కొనేవాళ్లు వేరు. కుర్రకారు కన్నా స్కూళ్లు, లైబ్రరీలు, యూనివర్సిటీలు ముఖ్యం. వాళ్లు ఫ్యాషన్ చూడరు, ఏటా కొంటారు. మామూలు పాప్ రికార్డు కన్నా ధర కొంచెం ఎక్కువైనా తీసుకుంటారు.

టెక్నాలజీ కూడా సమయానికి కలిసొచ్చింది. 1948లోనే కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పడుతుంది. మూడు నిమిషాల్లో పాట సరిపోతుంది కానీ కథ సరిపోదు. ఎల్పీతో మాటకు చోటు దొరికింది.

చెవితో చదివే పుస్తకాలు

ఆడియో పుస్తకాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇక్కడ ఆగండి. కవి ల్యాంగ్‌స్టన్ హ్యూస్ చేత ఆయన కవితలు ఆయన గొంతుతోనే చదివించాడు ఆష్. 1954లో అదే హ్యూస్ పిల్లలకు జాజ్ చరిత్ర చెప్పిన ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది నల్లజాతి కవులు తమ కవితలు తామే చదివిన సంకలనం వచ్చింది. తొంభై దాటిన మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ తన జీవితాన్ని చెప్పుకుంటుంటే రికార్డు చేసి 1961లో విడుదల చేశాడు. రెండేళ్లకే డుబాయిస్ కన్నుమూశాడు. భాషలు నేర్పే రికార్డులు, సైన్సు రికార్డులు సరేసరి.

1952లో న్యూయార్క్‌లోనే ఇద్దరు అమ్మాయిలు, డిగ్రీ అయిపోయి రెండేళ్లే, కేడ్‌మన్ అనే కంపెనీ పెట్టి కవి డిలన్ థామస్ చేత చదివించారు. ఆడియో పుస్తకాల వ్యాపారానికి విత్తనం అదేనంటారు. ఆ తొలి అడుగుల్లో ఫోక్‌వేస్‌ది కూడా పెద్ద వాటా.

అంతటితో ఆగలేదు ఆయన. 1958లో ఉత్తర అమెరికా కప్పల అరుపులతో ఆల్బమ్! 1964లో పాత ఇనుము యార్డు శబ్దాలు, ఆఫీసు శబ్దాలు. అందరూ నవ్వారు. ఇప్పుడు సౌండ్ డిజైనర్లు గంటల తరబడి వెతికేది సరిగ్గా ఇలాంటివాటికే.

ధైర్యం చేసిన సందర్భాలూ ఉన్నాయి. కమ్యూనిస్టుల వేట నడిచిన 1950ల్లో గాయకుడు పీట్ సీగర్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టారు. టీవీ తలుపులు మూసుకున్నాయి. ఆ కాలంలో ఆయన ఆల్బమ్ మీద ఆల్బమ్ వేస్తూ వచ్చింది ఫోక్‌వేస్. 1957లో ఎలా జెంకిన్స్ అనే యువతి పిల్లల పాటలకు అవకాశమిచ్చాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కంపెనీలో ఎక్కువగా అమ్ముడుపోయిన కళాకారుల్లో ముందున్నది ఆవిడే. హిట్టు కోసం వెతకని చోటే హిట్టు దొరికిందన్నమాట.

అటువైపు కూడా చూడండి

ఇంతవరకూ చదివి ఆష్‌ని దేవుణ్ని చేసేయకండి. ఆయన దగ్గర డబ్బు రాబట్టుకోవడం కష్టమని చాలామంది కళాకారులు బాధపడ్డారు. రికార్డింగ్ రోజున చేతిలో కొంత పెట్టేవాడు. తర్వాతి రాయల్టీల సంగతి అడిగితే విసుక్కునేవాడు. వచ్చిన డబ్బంతా తర్వాతి ఆల్బమ్‌కే పోయేదన్నది నిజం. అద్దె కట్టుకోవాల్సిన గాయకుడికి ఆ నిజంతో పనిలేదన్నదీ అంతే నిజం.

1952లో హ్యారీ స్మిత్ కూర్చిన అమెరికన్ జానపద సంగీత సంకలనం సంగతి కూడా అంతే. 84 పాటలు, ఆరు ఎల్పీలు. 1920ల చివర, 30ల మొదట్లో పెద్ద కంపెనీలు వేసి మర్చిపోయిన రికార్డుల నుంచి తీసినవి. బాబ్ డిలన్ తరం ఆ సంకలనం విని పెరిగింది. కానీ ఆ పాటల మీద హక్కులున్న కంపెనీల నుంచి ఆష్ అనుమతులు తీసుకోలేదు. వాళ్లు ఎలాగూ తొక్కిపెట్టారు, జనానికి వినే హక్కుందని ఆయన నమ్మకం. ఇవాళ మీరు అలా చేస్తే యూట్యూబ్ మొదటి రోజే స్ట్రైక్ ఇస్తుంది. అది అటుంచండి. పాడినవాడికి వాటా చేరిందా అన్న ప్రశ్నకు ఆశయం జవాబు కాదు.

ఆయన వెళ్లాక

ఎనభై ఏళ్లు వచ్చాక ఆష్‌కి ఒకటే బెంగ. తను పోయాక ఎవరైనా కొంటే లాభం వచ్చే యాభై ఆల్బమ్‌లు ఉంచుకుని మిగతావి పారేస్తారేమోనని. అందుకే స్మిత్‌సోనియన్ సంస్థతో చర్చల్లో ఒకే షరతు దగ్గర గట్టిగా నిలబడ్డాడు. 2,168 ఆల్బమ్‌లూ ఎప్పటికీ దొరుకుతూనే ఉండాలి. ఒప్పందం పూర్తికాకముందే, 1986 అక్టోబరు 19న ఆయన చనిపోయాడు. మరుసటేడు కుటుంబం ఆ షరతుతోనే మొత్తాన్నీ స్మిత్‌సోనియన్‌కి అప్పగించింది. కొనుగోలుకు డబ్బు సాయంగా డిలన్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, యూటూ లాంటివాళ్లు లెడ్ బెల్లీ, గథ్రీ పాటలు పాడి 1988లో ఒక ఆల్బమ్ ఇచ్చారు. దానికి గ్రామీ కూడా వచ్చింది. కప్పల ఆల్బమ్ ఇప్పటికీ అమ్మకానికుంది. కావాలంటే వెతకండి.

మీ గదికి పనికొచ్చేవి

1. ముందు ఒక్క కస్టమరు. ఛానెల్ పేరూ లోగో తర్వాత. మీ కాలేజీ లెక్చరరు పాఠాలో, ఊళ్లో రచయిత కథల పుస్తకమో, గుడి భజన బృందమో.. అడిగేవాళ్లు ఒకరున్నారా? అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

2. ఒక్క ప్రాజెక్టు మీద అంతా పెట్టొద్దు. ఒక రికార్డింగ్ పోతే రెండోది చేయడానికి డబ్బు మిగిలి ఉండాలి. క్రిస్మస్ ఆల్బమ్ గుర్తుంచుకోండి.

3. స్థిరంగా కొనేవాళ్లని వెతకండి. స్కూళ్లు, కోచింగ్ సంస్థలు, ప్రచురణకర్తలు, చూపులేనివారి కోసం పనిచేసే సంస్థలు. వైరల్ అయ్యే వీడియో కన్నా నెలనెలా వచ్చే చిన్న ఆర్డరే అద్దె కడుతుంది.

4. వివరాలు రాసిపెట్టండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ మైకు. ఒరిజినల్ వేవ్ ఫైలు రెండు చోట్ల దాచండి. ఎంపీ3 ఒక్కటే ఉంచుకుంటే పదేళ్ల తర్వాత మీరే బాధపడతారు.

5. కాగితం మీద ఒప్పందం. స్నేహితుడైనా సరే. పాట ఎవరిది, గొంతు ఎవరిది, డబ్బొస్తే ఎవరికెంత, పుస్తకానికి రచయిత అనుమతి ఉందా.. ఒక పేజీ చాలు. ఆష్ చేయనిది మీరు చేయండి.

ఇప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న. అందులో డబ్బెక్కడుంది? నిజాయతీగా చెప్పాలంటే ఆష్ ధనవంతుడు కాలేదు. రిపేరు షాపు నైపుణ్యం, తక్కువ ఖర్చు, ఓపిక.. ఈ మూడింటితో 38 ఏళ్లు అప్పులవాళ్లను తప్పించుకుంటూ స్టూడియో తెరిచి ఉంచాడు. కాబట్టి ఉద్యోగం వస్తే చేరండి. శని, ఆదివారాలు రికార్డింగ్‌కి పెట్టండి. ఏడాది పాటు ఖర్చు, రాబడి ఒక షీట్‌లో రాయండి. ఏడాది చివర ఆ రెండు గడులూ పక్కపక్కన పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించండి. అప్పుడు మాట్లాడేది మీరు కాదు, అంకెలు.